కూర్చున్న పగలు, కునుకు పట్టని రాత్రి

మధుమేహం గురించి మన ఇళ్లలో జరిగే మాటలు, ఆసుపత్రిలో డాక్టరు ముందు జరిగే మాటలు చాలాకాలంగా మూడు విషయాల చుట్టూనే తిరుగుతున్నాయి: ఏ మాత్ర ఏ పూట వేసుకోవాలి, ఏ పదార్థం మానాలి, ఉదయం ఎంత దూరం నడవాలి. ఈ మూడింటి అవసరాన్ని ఎవరూ కాదనలేరు గానీ, పొద్దున్నే గంటసేపు శ్రద్ధగా నడిచి వచ్చిన మనిషికి కూడా ఆ రోజులో ఇంకా ఇరవై మూడు గంటలు మిగిలి ఉంటాయని, వాటిలో అధికభాగం కుర్చీలోనో మంచంమీదనో గడుస్తుందని, అవి గడిచే తీరునుబట్టి కూడా రక్తంలో చక్కెర పెరగడమో తగ్గడమో జరుగుతుందని ఆ మాటల్లో అరుదుగా వినిపిస్తుంది. 2022లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్, యూరప్‌లోని మధుమేహ అధ్యయన సంఘం కలిసి వెలువరించిన ఉమ్మడి నివేదిక రోగి దినచర్యను ఇరవై నాలుగు గంటల మొత్తంగా చూడాలని చెప్పి, వ్యాయామం, కండరాల బలం, నడిచే అడుగులతోపాటు కూర్చునే సమయాన్నీ నిద్రనూ చికిత్సలో భాగంగా లెక్కించింది. నిద్ర, కూర్చోవడం అనే ఈ రెండూ పైకి వేర్వేరు విషయాలుగా కనిపించినా, ఒకటి చెడితే రెండోది చెడే స్వభావం వాటికి ఉన్నందువల్ల రెండింటినీ కలిపి అర్థం చేసుకోవడం అవసరం.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడినప్పుడు, దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దానికి ముందు దశలో, అంటే చక్కెర మామూలు స్థాయిని దాటినా వ్యాధిగా నిర్ధారించేంత పెరగని దశలో ఉన్నారని అంచనా కట్టారు. వీరిలో అత్యధికులది టైప్ 2 మధుమేహం. ఇందులో క్లోమగ్రంథి ఇన్సులిన్ తయారు చేస్తూనే ఉంటుంది గానీ, కండరాలూ కాలేయమూ ఆ ఇన్సులిన్ మాట సరిగా వినవు, క్రమంగా క్లోమం కూడా అలసిపోతుంది. భారతీయులకు ఇంకొక చిక్కు ఉందని పుణెకు చెందిన వైద్య పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఆయన సహచరులు చూపించారు: చూడటానికి సన్నగా కనిపించే భారతీయుడి శరీరంలో కూడా అదే బరువున్న ఐరోపావాసితో పోలిస్తే కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉంటుంది. కండ తక్కువ కావడం ఎందుకంత ముఖ్యమైన సంగతో తెలియాలంటే, భోజనం తరవాత చక్కెర ఎక్కడికి పోతుందో చూడాలి.

అన్నం, రొట్టె, ఇడ్లీ వంటివి అరిగి గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరినప్పుడు, ఇన్సులిన్ ప్రభావంతో ఆ గ్లూకోజులో పెద్ద వాటాను లోపలికి తీసుకునేవి అస్థికండరాలు, అంటే ఎముకలకు అంటిపెట్టుకుని మన చేతులనూ కాళ్లనూ కదిపే కండరాలు. గ్లూకోజు తనంతట తాను కండర కణంలోకి దూరలేదు. కణం లోపల దాగి ఉండే గ్లూట్-4 అనే ప్రోటీను కణపు గోడ దగ్గరకు వచ్చి దారి ఇస్తేనే దూరగలుగుతుంది. ఆ ప్రోటీనును గోడ దగ్గరకు రప్పించే సంకేతాలు రెండున్నాయి. ఒకటి ఇన్సులిన్ ఇచ్చేది, రెండోది కండరం ముడుచుకుని సాగినప్పుడు ఆ కదలిక నుంచే పుట్టేది. టైప్ 2 మధుమేహంలో మొదటి సంకేతం మందగిస్తుంది గానీ రెండోది చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. వీధి తలుపు బిగుసుకుపోయినా పెరటి తలుపు తెరుచుకునే ఇల్లు ఎలాంటిదో, కదిలే కండరం అలాంటిది. ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్న మనిషి ఆ రెండో తలుపును కూడా తానే మూసుకున్నట్టు అవుతుంది, అందులోనూ తొడలు, పిరుదులు, పిక్కలు శరీరంలోని పెద్ద కండరాలు కాబట్టి నష్టం చిన్నది కాదు. మధుమేహ రోగికి ఇంతకంటే ఆశ కలిగించే శరీరధర్మం మరొకటి లేదని చెప్పవచ్చు, ఎందుకంటే ఈ రెండో దారికి మందుల చీటీ అక్కర్లేదు, ఖర్చు అసలే లేదు.

మేల్కొని ఉండి, కూర్చునో చేరబడో పడుకునో అతి తక్కువ శక్తిని ఖర్చు చేస్తూ గడిపే సమయాన్ని శాస్త్రజ్ఞులు నిశ్చల సమయంగా పరిగణిస్తారు. నిద్ర ఈ లెక్కలోకి రాదు. ఇలాంటి జీవితానికీ జబ్బుకూ ఉన్న సంబంధం మీద తొలి గట్టి పరిశీలన లండన్ బస్సుల్లో జరిగింది. జెరెమీ మారిస్ అనే వైద్యుడు, ఆయన బృందం 1953లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగుతూ టికెట్లు ఇచ్చే కండక్టర్లకంటే, పనివేళంతా స్టీరింగు ముందు కూర్చునే డ్రైవర్లకు గుండె రక్తనాళాల జబ్బు ఎక్కువగా వస్తోందని తేల్చారు. అయితే మారిస్ అక్కడితో తృప్తిపడలేదు. బస్సు ఉద్యోగులకు ఇచ్చిన యూనిఫారాల కొలతలు తెప్పించి చూసి, డ్రైవర్ల నడుము కొలత కండక్టర్లకంటే ఎక్కువగా ఉందని 1956లో ఆయనే మళ్లీ రాశారు. అంటే తేడా కొంతవరకు మనుషుల్లోనే ముందునుంచీ ఉండి ఉండవచ్చు. కూర్చోవడమే కారణమని చెప్పాలంటే ఒకే మనిషిని ఒకరోజు కూర్చోబెట్టి, మరొకరోజు లేపి, రెండు రోజుల రక్తపరీక్షలనూ పోల్చి చూడాలి.

ఆ పని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఉన్న బేకర్ పరిశోధన సంస్థలో జరిగింది. డేవిడ్ డన్‌స్టన్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో, అధిక బరువున్న 19 మందిని ఒకరోజు ఏకబిగిన కూర్చోబెట్టి, మరొకరోజు ప్రతి 20 నిమిషాలకోసారి లేపి 2 నిమిషాలు మెల్లగా నడిపించినప్పుడు, ఆహారం తరవాత పెరిగే చక్కెరా ఇన్సులినూ రెండూ తగ్గాయి. ఆ తరవాత అదే సంస్థకు చెందిన ప్యాడీ డెంప్సీ బృందం టైప్ 2 మధుమేహం ఉన్న 24 మందితో చేసిన ప్రయోగం 2016లో వెలువడింది. ఇందులో ప్రతి అరగంటకు 3 నిమిషాలు మెల్లని నడక ఒక పద్ధతి. ఉన్నచోటనే నిలబడి మోకాళ్లు సగం వంచి లేవడం, మడమలు ఎత్తి దించడం, మోకాళ్లు పైకెత్తడం వంటి తేలిక కసరత్తు మరొక పద్ధతి. ఏకబిగిన కూర్చున్న రోజుతో పోలిస్తే రెండు పద్ధతుల్లోనూ భోజనానంతర చక్కెర స్పష్టంగా తగ్గింది. చెమట పట్టలేదు, బూట్లు కట్టుకోలేదు, పార్కుకు వెళ్లలేదు. కుర్చీ పక్కన నిలబడి చేసిన పనికే ఈ ఫలితం వచ్చింది. కూర్చునే సమయాన్ని కనీసం ప్రతి 30 నిమిషాలకోసారి తేలిక కదలికతో విడగొట్టాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఇచ్చిన సలహాకు ఆధారం ఇటువంటి ప్రయోగాలే. ఇవి ఒక్కరోజు ప్రయోగాలని, ఏళ్ల తరబడి ఇలా చేస్తే కళ్లకూ మూత్రపిండాలకూ ఎంత రక్షణ దొరుకుతుందో వీటివల్ల తేలదని కూడా గుర్తుంచుకోవడం న్యాయం.

మరి పొద్దున్న నడక నడిచేవారికి ఈ బాధ ఉండదా అంటే, కొంత తగ్గుతుంది. పది లక్షలమందికి పైగా సమాచారాన్ని కలిపి 2016లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో శరీరశ్రమ చేసేవారిలో ఎక్కువసేపు కూర్చోవడంవల్ల పెరిగే మరణ ప్రమాదం దాదాపు కనిపించలేదు. అంతసేపు శ్రమించగలిగేవారు ఎందరున్నారన్నదే ప్రశ్న. మోకాళ్ల నొప్పులున్న అరవయ్యేళ్ల గృహిణికి, పన్నెండు గంటలు దుకాణం చూసుకునే వ్యాపారికి ఆ గంటంపావు దొరకడం కష్టం. మూడు నిమిషాలు దొరకడం కష్టం కాదు.

ఎప్పుడు కదలాలన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు టైప్ 2 మధుమేహం ఉన్న 41 మందిని పోల్చి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజులో ఏదో ఒక వేళ 30 నిమిషాలు నడవడంకంటే ప్రతి భోజనం తరవాత 10 నిమిషాలు నడిచినప్పుడు భోజనానంతర చక్కెర సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరవాత ఆ తేడా 22 శాతానికి పెరిగింది. ఆ పూటే పిండి పదార్థం ఎక్కువగా తిని, ఎక్కువసేపు కూర్చుంటారన్నది పరిశోధకులు చెప్పిన కారణం. ఈ మాట తెలుగు ఇళ్లకు అచ్చంగా సరిపోతుంది. తొమ్మిదింటికో పదింటికో అన్నం తిని, తిన్న కంచం తీసీ తీయకముందే టీవీ ముందు చేరబడి, ధారావాహిక అయిపోగానే పడకెక్కే అలవాటు ఉన్న ఇంట్లో, రోజులోకెల్లా పెద్ద భోజనం రోజులోకెల్లా నిశ్చలమైన వేళకు ముందు పడుతోంది. వీధిలో వెలుగూ కుక్కల బెడదా చూసుకుని బయట నడవలేనివారు ఇంటి డాబా మీదనో, వసారాలోనో, హాల్లోనే అటూ ఇటూనో పది నిమిషాలు తిరిగినా కండరానికి తేడా తెలియదు.

కూర్చోవడం అనగానే కంప్యూటరు ముందున్న ఉద్యోగి ఒక్కడే మనసులో మెదలడం సరికాదు. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఒడిలో చాట పెట్టుకుని రోజంతా బీడీలు చుట్టే మహిళలు, కుట్టుమిషను మీద వంగి ఉండే దర్జీలు, నగల పనివారు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే వ్యాపారులు, ఆటో, లారీ డ్రైవర్లు అందరూ ఈ లెక్కలోకి వస్తారు. గుంట మగ్గం మీద నేసే నేతకారుడు కూర్చున్నట్టు కనిపించినా తొక్కుడు చెక్కల మీద కాళ్లు ఆడుతూనే ఉంటాయి. బీడీ చుట్టే మనిషికి ఆ వెసులుబాటు కూడా లేదు. చుట్టిన బీడీల లెక్కను బట్టి కూలి దొరికే పనిలో అరగంటకోసారి లేవమనడం తేలిక మాట కాదని తెలిసే ఈ సలహా చెప్పవలసి ఉంటుంది. ఆకు తడపడం, కట్టలు సర్దడం, నీళ్లు తెచ్చుకోవడం వంటి పనులన్నిటినీ ఒకేసారి ముగించుకుని కూర్చోకుండా విడివిడిగా లేచి చేసుకోవడం ఒక మార్గం. కార్యాలయాల్లో అయితే ఫోను వచ్చినప్పుడు లేచి మాట్లాడటం, నీళ్ల సీసా బల్లమీద కాకుండా దూరంగా పెట్టుకోవడం, సమావేశం అరగంట దాటితే అందరూ లేచి నిలబడే ఆనవాయితీ పెట్టడం సాధ్యమే. ఉద్యోగి లేచిన ప్రతిసారీ అనుమానంగా చూసే అధికారి ఉన్నచోట ఈ ఉపాయాలేవీ పనిచేయవు కాబట్టి, ఈ విషయంలో యాజమాన్యాలకు ఉన్న బాధ్యత రోగికి ఉన్న బాధ్యతకంటే తక్కువదేమీ కాదు.

లేవడంలోనూ జాగ్రత్తలున్నాయి. మధుమేహం చాలాకాలంగా ఉన్నవారిలో రక్తపోటును అదుపుచేసే నరాలు దెబ్బతిని, కూర్చున్నవాళ్లు గభాలున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు; అలాంటివారు ముందు కాళ్లను కాసేపు ఆడించి, ఏదైనా పట్టుకుని నెమ్మదిగా లేవాలి. అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు ఇంట్లో కూడా ఉత్త కాళ్లతో నడవకూడదు, పాదానికి పుండు ఉంటే డాక్టరు చెప్పేదాకా ఆ కాలి మీద భారం వేయకూడదు. ఊరికే నిలబడటంవల్ల వచ్చే మేలు నడకవల్ల వచ్చేదానికంటే తక్కువ గనుక, గంటల తరబడి నిలబడి కాళ్లవాపు తెచ్చుకోనక్కరలేదు.

ప్రాచీన వైద్యులు ఈ సంగతిని వేరే భాషలో పట్టుకున్నారు. చరకసంహిత ప్రమేహానికి, అంటే మూత్రం అతిగా పోయే జబ్బుల వర్గానికి కారణాలు చెబుతూ, సుఖంగా కూర్చుని ఉండటాన్నీ సుఖంగా నిద్రపోతూ ఉండటాన్నీ పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలకంటే ముందే పేర్కొంది. కూర్చోవడం గురించి ఆ గ్రంథం చెప్పినది ఈనాటి ప్రయోగశాలలకు సమ్మతమే. నిద్ర విషయంలో కాలం మారింది. మితిమీరిన నిద్ర ఇప్పటికీ మంచి సూచన కాదు, రోజుకు తొమ్మిది గంటలకు మించి పడుకునేవారిలో మధుమేహం ఎక్కువగా కనిపించడం నిజమే గానీ, ఈనాటి పెద్ద సమస్య నిద్ర చాలకపోవడం, పట్టిన నిద్ర చెదిరిపోవడం.

నిద్ర తక్కువైతే చక్కెర పెరుగుతుందన్న సంగతి తెలిసింది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగాల వల్లనే. షికాగో విశ్వవిద్యాలయంలో ఎవ్ వాన్ కాటర్ బృందం 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను వరసగా ఆరు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే పడుకోనిచ్చి పరీక్షించినప్పుడు, గ్లూకోజును వినియోగించుకునే వారి శక్తి బాగా తగ్గిపోయి, మధుమేహపు తొలి ఛాయలు కనిపించాయి. కంటినిండా నిద్రపోయిన తరవాత ఆ మార్పు సర్దుకుంది. 1999లో లాన్సెట్ ఈ ఫలితాన్ని ప్రచురించేదాకా నిద్ర మెదడుకు సంబంధించిన అవసరమేనని చాలామంది వైద్యులు భావించేవారు. అదే విశ్వవిద్యాలయంలో 2008లో జరిగిన మరో ప్రయోగం ఇంకా లోతైన సంగతి చెప్పింది: తొమ్మిది మంది యువతీయువకులను ఎప్పటిలాగే నిద్రపోనిచ్చి, మెదడు తరంగాలు నెమ్మదించి గాఢనిద్రలోకి వెళ్లబోతున్న ప్రతిసారీ, మెలకువ రానంత సన్నని శబ్దంతో ఆ గాఢతను మాత్రం చెదరగొట్టారు. మూడు రాత్రుల్లోనే ఇన్సులిన్‌కు వారి శరీరం స్పందించే గుణం సుమారు 25 శాతం తగ్గింది. పడుకున్న గంటల లెక్క ఒక్కటే చాలదని, నిద్ర ఎంత గాఢంగా పట్టిందన్నది కూడా చక్కెరను శాసిస్తుందని ఈ ప్రయోగం చెబుతోంది. నిద్ర చెడినప్పుడు శరీరాన్ని ఉద్రిక్తంగా ఉంచే నాడీవ్యవస్థ చల్లబడదు, కార్టిసాల్ అనే హార్మోను సాయంత్రానికి తగ్గవలసినంత తగ్గదు, ఆకలిని పెంచే హార్మోను పెరిగి, కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది. రాత్రి నిద్ర చాలనివారికి మర్నాడు తీపి మీదికీ వేపుళ్ల మీదికీ మనసు పోవడం బలహీనతగా చూడదగినది కాదు; దాని వెనక ఈ రసాయనాల పని ఉంది.

ఇక మధుమేహం తానే నిద్రకు శత్రువు. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి పట్టుకోలేక మూత్రంలోకి వదిలేస్తాయి, ఆ గ్లూకోజు తనతోపాటు నీటిని లాగుతుంది, దాంతో రాత్రి మూడు నాలుగు సార్లు లేవవలసి వస్తుంది. ఇలా లేచేవారు దాహానికి నీళ్లు తాగడం మానేయడం ప్రమాదకరం. చక్కెర అదుపులోకి వస్తే లేవడమే తగ్గుతుంది. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు గానీ, రక్తపోటుకు ఇచ్చే మూత్రం పెంచే మందులు గానీ సాయంత్రం వేసుకుంటున్నవారు వాటిని ఉదయానికి మార్చవచ్చేమో డాక్టరును అడగాలి. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు రాత్రిపూటే ఎక్కువవుతాయి, వాటికి మందులున్నాయి. పడుకోగానే కాళ్లు కదపాలనిపించే అశాంతి మరొక జబ్బు; దీనివెనక చాలాసార్లు ఇనుము లోపం ఉంటుంది కాబట్టి రక్తంలో ఫెరిటిన్ పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ జాతి మాత్రలు గానీ వాడేవారికి రాత్రి చక్కెర 70 కంటే కిందికి పడిపోతే చెమటలు, పీడకలలు, గుండెదడ వచ్చి మెలకువ వస్తుంది, ఒక్కోసారి మెలకువ రాకుండా పొద్దున్న తలనొప్పితో మాత్రమే ఆనవాలు చిక్కుతుంది. దానికి పూర్తిగా విరుద్ధంగా, తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోను పెరగడంవల్ల ఏమీ తినకుండానే చక్కెర పెరిగేవారూ ఉన్నారు. పొద్దున్న చూసిన చక్కెర ఎక్కువగా ఉన్నంతమాత్రాన రాత్రి మందు సొంతంగా పెంచుకోవడం ఎందుకు అపాయమో ఇందువల్లే అర్థమవుతుంది. రెండు మూడు రోజులు రాత్రి మూడింటికి ఒకసారి పరీక్షించి చూస్తేనే అసలు కారణం బయటపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నది గురక. ప్రతి గురకా జబ్బు కాదు. కానీ నిద్రలో గొంతు దగ్గరి మెత్తని కండరాలు జారి ఊపిరి దారిని మూసేయడంవల్ల పది సెకన్లో అంతకు మించో శ్వాస ఆగిపోయి, రక్తంలో ఆక్సిజన్ తగ్గి, ఉలిక్కిపడినట్టు మళ్లీ ఊపిరి అందుకునే స్థితి రాత్రికి పదులసార్లు, తీవ్రమైతే గంటకే ముప్ఫైసార్లకు పైగా వస్తే అది స్లీప్ అప్నియా. రోగికి ఇది తెలియనే తెలియదు. పక్కన పడుకున్నవారికి తెలుస్తుంది. స్థూలకాయంతోపాటు టైప్ 2 మధుమేహం ఉన్నవారిని నిద్రలో పరీక్షించి అమెరికాలో 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నూటికి 86 మందిలో ఇది ఏదో ఒక స్థాయిలో బయటపడింది. ఊపిరి ఆగిన ప్రతిసారీ శరీరం అపాయాన్ని ఎదుర్కొంటున్నట్టే అడ్రినలిన్ విడుదల చేస్తుంది, ఆ రసాయనం రక్తపోటునూ చక్కెరనూ పెంచుతుంది. మగవారి గురక గురించి ఇంట్లో నవ్వుకుని వదిలేస్తారు, ఆడవారు తమకు గురక వస్తుందని చెప్పుకోవడానికే సంకోచిస్తారు. ముట్లుడిగిన తరవాత స్త్రీలలో కూడా ఈ జబ్బు పెరుగుతుంది కాబట్టి ఈ సంకోచం చాలా ఖరీదైనది. పగలు కూర్చున్నచోటనే కునుకు పట్టడం, పొద్దున్న లేవగానే తలనొప్పి, మూడు మందులు వాడినా లొంగని రక్తపోటు, పొట్టి లావు మెడ ఉన్నవారు నిద్ర పరీక్ష అడిగి చేయించుకోవాలి. ముక్కుకు తొడిగిన తొడుగు ద్వారా సన్నని ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా ఆపే సీప్యాప్ యంత్రాన్ని సిడ్నీ వైద్యుడు కాలిన్ సల్లివన్ 1981లో ప్రపంచానికి పరిచయం చేశారు. దీన్ని వాడినవారిలో పగటి నిద్రమత్తు పోవడం, రక్తపోటు కొంత తగ్గడం నిశ్చయంగా కనిపించాయి. చక్కెర విషయంలో పరిశోధనల ఫలితాలు ఒకే తీరుగా లేవు, రాత్రి పొడవునా వాడినవారికే మేలు కనిపించింది. బరువు తగ్గితే జబ్బు తీవ్రత తగ్గుతుంది.

నిద్రలేమికి, అంటే పడుకున్నా నిద్ర పట్టకపోవడం నెలల తరబడి కొనసాగే స్థితికి, మాత్రకంటే ముందు ఇవ్వవలసిన చికిత్స మనసునూ అలవాట్లనూ సరిదిద్దే చికిత్సేనని అమెరికా వైద్యుల సంఘం 2016లో స్పష్టంగా చెప్పింది. ఇందులో ప్రధానమైన నియమాలు ఎవరైనా ఇంట్లో మొదలుపెట్టదగినవి: నిద్ర వచ్చినప్పుడే పడకెక్కాలి, ఇరవై నిమిషాలకు పట్టకపోతే లేచి మసక వెలుతురులో మరో చోట కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్లీ రావాలి, ఎప్పుడు పడుకున్నా లేచే వేళ ఒక్కటిగా ఉండాలి, పడకమీద ఫోనూ లెక్కలూ తగవులూ ఉండకూడదు. ఇందులో అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది లేచే వేళను మార్చకపోవడం. మధ్యాహ్నం భోజనం తరవాత రెండేసి గంటలు నిద్రపోయేవారికి రాత్రి నిద్ర దూరమవడం సహజం. అలవాటు వదలలేనివారు మూడింటిలోపు అరగంటకు పరిమితం చేసుకోవచ్చు. స్లీప్ అప్నియా ఉందేమో తేల్చుకోకుండా మందుల దుకాణంలో అడిగి నిద్రమాత్రలు వేసుకోవడం, నిద్ర కోసమని మద్యం తాగడం గొంతు కండరాలను ఇంకా వదులు చేసి ప్రాణం మీదికి తేవచ్చు. మద్యం ఇన్సులిన్ వాడేవారిలో అర్ధరాత్రి చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది కూడా.

చాలామంది శరీరం ఇన్సులిన్‌కు పొద్దున్న బాగా, రాత్రి మందంగా స్పందిస్తుంది. చీకటి పడ్డాక మెదడు విడుదల చేసే మెలటోనిన్ అనే హార్మోను ఇన్సులిన్ స్రావాన్ని కూడా కొంత తగ్గిస్తుంది. అందువల్ల అదే అన్నం ఏడింటికి తింటే ఒక లెక్క, పదిన్నరకు తింటే మరో లెక్క. అమెరికా పగటివేళకు సరిపడేలా హైదరాబాద్ గచ్చిబౌలి కార్యాలయాల్లో రాత్రంతా మేల్కొని పనిచేసేవారు, ఆసుపత్రి నర్సులు, కాపలాదారులు ఈ గడియారానికి ఎదురు నడవక తప్పనివారు. వారికి మొత్తం పరిష్కారం సలహాలతో దొరకదు. అయినా నడిరాత్రి భోజనాన్ని తేలికచేసుకోవడం, షిఫ్టు ముగిసి ఇంటికి వచ్చాక గదికి మందపాటి తెరలు వేసి పగలే ఆరేడు గంటలు వరసగా పడుకోవడం, ఆ నిద్రకు ఇంటిల్లిపాదీ రాత్రి నిద్రకిచ్చే గౌరవమే ఇవ్వడం అవసరం. షిఫ్టులు వారంవారం మారకుండా చూడటం, మధుమేహం ఉన్న ఉద్యోగికి పగటి షిఫ్టు ఇవ్వడం సంస్థల చేతిలోని పని.

పగటి కూర్చోవడం, రాత్రి నిద్ర ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్న తీరు ఇక్కడ తెలుస్తుంది. నిద్ర చాలని మనిషికి మర్నాడు ఒళ్లు బరువెక్కి లేవబుద్ధి కాదు; లేవని మనిషికి పగటి వెలుగూ ఒంటి అలసటా రెండూ అందక రాత్రి నిద్ర తేలిపోతుంది; కాళ్లలో పగలంతా చేరిన నీరు పడుకోగానే పైకి మళ్లి మూత్రంగా మారి నిద్రలోంచి లేపుతుంది. పెద్దవారిలో చాలామందికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, ఆ ఏడు గంటలను రాత్రిపూట ఒత్తిడితో సంపాదించడంకంటే పగటి కదలికతో, ముఖ్యంగా పొద్దుటి ఎండలో కాసేపు తిరగడంతో సంపాదించడం తేలిక. ఇంటిలో అందరికంటే ఆలస్యంగా పడుకుని అందరికంటే ముందు లేచే స్త్రీకి మధుమేహం ఉన్నప్పుడు మాత్రం ఈ సలహా ఒక్కటే చాలదు. ఆమె రాత్రి పనుల్లో కొన్నిటిని ఇంట్లోని మరొకరు చేతికెత్తుకుంటేనే ఆమెకు ఏడు గంటలు దొరుకుతాయి.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడుతున్నవారు కదలికను పెంచే ముందు డాక్టరుకు చెప్పాలి, ఎందుకంటే కండరం ఎక్కువ చక్కెరను తీసుకోవడం మొదలుపెడితే పాత మోతాదు ఎక్కువైపోయి చక్కెర పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు పొడి ఉంచుకుని, చక్కెర 70 కిందికి దిగినట్టు తేలితే మూడు చెంచాలు, అంటే సుమారు 15 గ్రాములు వేసుకుని, పావుగంట తరవాత మళ్లీ పరీక్షించుకోవాలి. తదుపరిసారి ఆసుపత్రికి వెళ్లే ముందు ఒక వారంపాటు ఒక నోటు పుస్తకంలో రోజూ పడుకున్న వేళ, లేచిన వేళ, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, గురక సంగతి పక్కనున్నవారు ఏం చెప్పారు, పగలు ఏకబిగిన అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చున్నది ఎప్పుడు, రాత్రి భోజనం ఎన్నింటికి, రాత్రి భోజనమైన రెండు గంటలకూ మర్నాడు పరగడుపునా చక్కెర ఎంత ఉందీ రాసుకుని తీసుకువెళితే, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కాగితంలో కనిపించనివి డాక్టరుకు ఆ పుటలో కనిపిస్తాయి. దాన్ని చూశాక కొత్త మాత్ర రాయాలో, ఉన్న మాత్ర వేళ మార్చాలో, నిద్ర పరీక్షకు పంపాలో ఆయన నిర్ణయించగలుగుతారు.